తుప్పు మీద రంగు, మన చెమట మీద లాభం

(కొల్లేటి పేటల యువకుల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇవాళ పాత బండ్ల గురించి మాట్లాడుకుందాం. దళిత ఉద్యమానికీ పాత ఆటోకీ ఏం సంబంధం అనొద్దు. మన కుర్రాడు ట్రాలీ ఆటో కొనేది సరదాకి కాదు. చేపల చెరువు గట్టు మీద ఒకరి కింద కాపలా కాయకుండా, గూడెం ఉల్లి మార్కెట్లో బస్తాలు మోయకుండా బతకటానికి. ఆ డబ్బులో అమ్మ పుస్తెలున్నాయి, అక్క డ్వాక్రా అప్పుంది. బండి మూలపడితే మళ్లీ ఆ గట్టు మీదకే పోవాలి.

కొల్లేటి పక్క బండి తొందరగా చెడిపోద్ది. చేపల పెట్టెల్లోంచి ఐసు నీళ్లు రోజూ తొట్టిలో కారతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు మునిగాయి. మునిగిన బండి రంగేసుకుని ఎవరింటికి వస్తుందో చూసుకోవాల్సింది మనమే.

మోసం ఎట్లా చేస్తారు? తుప్పు తిన్న చోట పుట్టీ పెట్టి రంగు కొడతారు. అడుగున నల్లరంగు పూస్తారు. పొగ కనపడకుండా ఇంజన్లో చిక్కటి ఆయిలు పోస్తారు. మీటరు వెనక్కి తిప్పుతారు.

కాబట్టి జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. రేకుకి అంటుకుంటుంది, మందంగా పుట్టీ ఉన్న చోట జారిపోద్ది. సీటు కింద ఎండిన బురద ఉందేమో చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోల్చండి. మెకానిక్ మనవాడై ఉండాలి, వాళ్లు చూపించినవాడు కాదు.

ఇక కాగితం. తరతరాలుగా పొలం దున్నింది మనం, పట్టా ఇంకొకడి పేర. బండీ అట్లాగే కావాలా? 29, 30 ఫారాల మీద సంతకాలు చేయించండి. మన రాష్ట్రం బండయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా ఆఫీసుకి తెలపాలి. ఫైనాన్సు తీరిందంటే 35 ఫారం చూపించమనండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలరుకి రవాణా శాఖ ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. అదీ అడగండి. 'నీళ్లలో మునగలేదు, ప్రమాదం జరగలేదు' అని రసీదు మీద రాయించుకోండి.

అమ్మేవాళ్లందరూ దొంగలని మేం అనం. నిజాయితీ ఉన్నవాడు ఆ ముక్క రాయటానికి ఎందుకు భయపడతాడు?

మోసపోతే ఏలూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 'వ్యాపారానికి కొన్నావు, నీకు కేసు లేదు' అని బెదిరిస్తారు. నమ్మొద్దు. స్వయం ఉపాధితో బతకటానికి కొన్నవాడు వినియోగదారుడేనని 2019 చట్టం చెబుతోంది. రెండేళ్లలోపు ఫిర్యాదు చెయ్యాలి. బండి ధర 5 లక్షల లోపయితే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు.

ఏలూరు పోయినా, తాడేపల్లిగూడెం పోయినా కొట్టుకాడ ముందు ఊరు అడుగుతారు, తర్వాత పేట అడుగుతారు. ఆపైన 'ఒరే, నీకు ఈ బండి చాల్లే' అంటారు. ఒక్కడే పోతే ఆ మాటకి తలొంచుతాడు, అడుగున దూరి చూడటానికి మొహమాటపడతాడు. ఐదుగురు పోతే ఆ 'ఒరే' ఆగిపోద్ది.

అందుకని ప్రతి పేటలో ఐదుగురితో బండ్ల కమిటీ వేసుకుందాం. ఒక మెకానిక్, ఒక డ్రైవరు, కాగితాలు చదవగల ఇద్దరు, డ్వాక్రా సంఘం అక్క ఒకరు. కమిటీ చూడకుండా ఎవరూ అడ్వాన్సు ఇవ్వొద్దు. ఈ రాత్రే పేర్లు రాసుకుని లేద్దాం.

జై భీం!