మూడవ వంతు

పరీక్షలో శంకువు ఘనపరిమాణము కట్టునపుడు మూడవ వంతును మరచుట విద్యార్థులలో సాధారణము. మేమును ఒకనాడు అట్లు మార్కులు పోగొట్టుకొన్నవారమే. ఇందుకు క్రుంగిపోవలదు. ఆర్యభటుడంతటివాడు సూచ్యాకార ఘనమునకు భూమివైశాల్యమును ఎత్తుచే హెచ్చించి సగము చేయుమనెను. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు మూడవ వంతని సరిగా చెప్పెను.

సూత్రమును వల్లించుటతో సరిపెట్టక, పరీక్షించి చూడుడు. ఒకే భూమి, ఒకే ఎత్తు గల స్థూపమును, శంకువును అట్టతో చేసి, శంకువుతో బియ్యము కొలిచి స్థూపమున పోయుడు. మూడు మారులకు నిండును.

వ్యాసార్ధము 7, ఎత్తు 12 సెంటీమీటర్లు అనుకొందము. పై విలువ 22/7 గా తీసికొన్నచో స్థూపము 1848, శంకువు 616 ఘన సెంటీమీటర్లు. చేతితో కొలిచి నేర్చినది పరీక్షనాడు మనలను విడువదు.