గుట్ట నీళ్ల కింద కూడా గుట్టే

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువు మీద మాట్లాడమన్నారు. చదువు మీద మాట్లాడేవాళ్లు నా తర్వాత ఇంకా ముగ్గురున్నారు. అందుకని పెద్దల అనుమతితో నేను ఆట మీద మాట్లాడతాను. సెలవు మీద మాట్లాడతాను. లక్నవరం చెరువు ఒడ్డున రెండు రాత్రులు టెంట్లలో పడుకున్న 22 మంది ఆడపిల్లల గురించి చెప్తాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది కూడా దాచకుండా చెప్తాను.

నేను టీచర్ ట్రైనింగ్ చేసి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, తర్వాత హాస్టల్ వార్డెన్‌ని అయ్యాను. వార్డెన్ అంటే పిల్లల దృష్టిలో బియ్యం కొలిచే మనిషి, గేటుకు తాళం వేసే మనిషి. ఒకరోజు సాయంత్రం స్టడీ అవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ‘నాకు ఇష్టమైన సెలవు’ అని వ్యాసం రాయమన్నాను. అందరూ సంక్రాంతి అని, మేడారం జాతర అని రాశారు. ఒక పిల్ల మాత్రం నాలుగే వాక్యాలు రాసింది. ‘మా నాన్న లక్నవరం కాడ బండ్లు ఆగే చోట మక్క కంకులు అమ్ముతాడు. సెలవుల్లో నేను నిప్పులు విసురుతాను. ఊగే వంతెన అక్కడి నుంచి కనపడుతుంది. నేను ఇంకా దాని మీదికి పోలేదు.’

ఆ కాగితం మీద మార్కులు వేయలేకపోయాను. హైదరాబాదు నుంచి కార్లలో వచ్చినవాళ్లు ఆ వంతెన దాటిపోతున్నారు, బోట్లు ఎక్కుతున్నారు, టెంట్లలో పడుకుంటున్నారు. పక్క ఊరి పిల్ల మాత్రం కంకులు కాలుస్తూ దూరం నుంచి చూస్తోంది. కంకులు కాల్చడం చిన్నతనం అని నేను అనను. అది మా నాన్నలాంటి వాళ్ల కష్టం. కానీ ఎప్పుడూ కాల్చడమే, ఒక్కసారి కూడా దాటకపోవడం నాకు సరిగా అనిపించలేదు.

పర్మిషన్ల పని మొదలుపెట్టాను. కాగితాలు ఒక ఎత్తు అయితే, తల్లులను ఒప్పించడం ఇంకో ఎత్తు అయింది. ‘చెరువు కాడికి ఆడివిల్లలనా మేడమ్? ఏమన్నయితే ఎవరు జవాబు?’ అని ఒక అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఇంకో తండ్రి నవ్వాడు. ‘అడివిల పుట్టినోళ్లకు అడివిల పండుడు నేర్పుతవా మేడమ్?’ అన్నాడు. అదీ న్యాయమైన మాటే.

నిజంగా ఆలోచించండి. క్యాంపింగ్ అని ఈ రోజు డబ్బులు కట్టి చేస్తున్నది మనకు కొత్తదా? పంట కాపలాకు మంచె మీద పడుకునేది ఎవరు? ఎండాకాలం తెల్లవారకముందే లేచి ఇప్ప చెట్ల కిందికి పోయేది ఎవరు? తునికాకు సీజన్‌లో కల్లాల దగ్గర రోజుల తరబడి ఉండేది ఎవరు? మేడారం జాతరకు బండ్లు కట్టుకుని పోయి, చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి వండుకుని, బండి కిందే నిద్రపోయింది మన తాతలు కాదా? అయితే ఒక తేడా ఉంది. అదంతా పని కోసం, మొక్కు కోసం. ఊరికే ఆడుకోవడానికి, నీళ్లు చూడటానికి, నక్షత్రాలు లెక్కపెట్టడానికి ఒక రోజు కేటాయించుకోవడం మనకు అలవాటు లేదు. అందులోనూ ఆడపిల్లకు అసలే లేదు.

ఇప్పుడు ఆ చెరువు సంగతి. లక్నవరం ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో ఉంది. 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో కట్టింది. చూడటానికి దేవుడు పెట్టిన సరస్సులాగా ఉంటుంది కానీ మనుషులు కట్టిన చెరువే. చుట్టూ గుట్టలున్నాయి. వాటి మధ్య మూడు ఇరుకైన లోయలుంటే, ఆ మూడింటికీ చిన్న చిన్న కట్టలు వేసి నీళ్లు ఆపారు. మిగతా గోడ పనంతా గుట్టలే చేస్తున్నాయి. ఎంత తెలివైన పనో చూడండి. తక్కువ మట్టితో ఎక్కువ నీళ్లు. ఈ నాటికీ ఆ నీటితోనే కింద పొలాలు పారుతున్నాయి.

ఆ కాకతీయులకూ మనకూ ఉన్న లెక్క మీకు తెలుసు. కరువులో కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుడి సైన్యం మేడారం మీదికి వచ్చిందని, సంపెంగ వాగులో జంపన్న ప్రాణం విడిచాడని, అప్పటి నుంచి అది జంపన్న వాగు అయిందని మన పెద్దలు చెప్తారు. ఈ రెండూ కలిపి చెప్పాను మా పిల్లలకు. చెరువు కట్టిన తెలివినీ గుర్తుపెట్టుకోండి, కప్పం అడిగిన కత్తినీ గుర్తుపెట్టుకోండి అన్నాను.

మొదటి రోజు మధ్యాహ్నం వంతెన దాటాం. వ్యాసం రాసిన పిల్ల మధ్యలో ఆగి, రెండు చేతులతో తీగ పట్టుకుని, వాళ్ల నాన్న ఉండే చోటు ఎక్కడని వెతికింది. లైఫ్ జాకెట్లు వేసుకుని బోటు ఎక్కాం. సాయంత్రం టెంట్లు వేసుకున్నాం. పెగ్గులు కొట్టడం, తాళ్లు బిగించడం చూపించడానికి వచ్చిన అబ్బాయి కంటే మా పిల్లలే గట్టి ముడులు వేశారు. బర్రెను కట్టేసే ముడి గాలికి ఊడదు కదా.

చీకటి పడ్డాక పక్క టెంట్ల వాళ్లు వచ్చారు. మంచివాళ్లే. ‘మీరు ట్రైబల్ పిల్లలట కదా, రేలా ఆడండి, వీడియో తీస్తాం’ అన్నారు. పిల్లలు నా మొహం చూశారు. నేను ఏమీ అనలేకపోయాను. ఒక పదో తరగతి పిల్ల నెమ్మదిగా ‘ఈ రోజు మేం కూడా మీలెక్కనే సెలవుకొచ్చినం అన్నా’ అంది. వాళ్లు కాసేపు నిలబడి, సారీ అని వెళ్లిపోయారు. వాళ్లు పోయాక, ఫోన్లన్నీ నా సంచిలో ఉన్నాక, మా పిల్లలు వాళ్ల కోసం వాళ్లు రేలా పాడుకున్నారు. పది దాటేదాకా పడుకోమని నేను అనలేదు.

ఇక రెండో రోజు పొద్దున. మొహాలు కడుక్కోవడానికి పిల్లలను ఒడ్డుకు పంపాను. ‘మోకాళ్ల లోతు దాటొద్దు’ అని మూడుసార్లు చెప్పాను. లైఫ్ జాకెట్లు బోటుకే కదా అనుకున్నాను. నేను వెనక్కి తిరిగి చాయ్ గ్లాసులు లెక్కపెడుతున్నాను. ఒక ఏడో తరగతి పిల్ల చెప్పు నీళ్లలో కొట్టుకుపోతుంటే అందుకోబోయింది. మోకాళ్ల లోతు నుంచి ఒక్కటే అడుగు వేసింది. ఆ ఒక్క అడుగుకే తల మునిగింది.

నాకు ఈత రాదు. 40 ఏళ్లు దాటిన మనిషిని, పిల్లల ప్రాణాలకు సంతకం పెట్టి తెచ్చిన మనిషిని, ఒడ్డున నిలబడి అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. మునిగే పిల్ల అరవలేదు. మునిగేవాళ్లు అరుస్తారని, చేతులూపుతారని మనం సినిమాల్లో చూస్తాం. ఊపిరికే నోరు చాలనప్పుడు అరుపెక్కడిది? తల పైకి, లోపలికి, అంతే. శబ్దమే లేదు.

కాపాడింది ఒక తొమ్మిదో తరగతి పిల్ల. నీళ్లలోకి దూకలేదు. ఫొటోల బ్యానర్ కట్టడానికి తెచ్చిన వెదురు కర్ర తీసుకుని, ఒడ్డున బోర్లా పడుకుని, తన కాళ్లు ఇద్దరిని గట్టిగా పట్టుకోమని చెప్పి, కర్ర చాచింది. మునిగే పిల్ల పట్టుకుంది. లాగారు. అర నిమిషం పట్టిందేమో. నాకు ఆ అర నిమిషం ఇంకా అయిపోలేదు.

‘ఎక్కడ నేర్చుకున్నావే?’ అని అడిగాను. ‘మా తాత వాగు దాటేటప్పుడు కర్ర ముందు, కాలు తరువాత అంటడు మేడమ్’ అంది. ఆ పిల్లను వాగులో చేపలకు పోయిందని నేను అంతకుముందు రెండుసార్లు తిట్టాను.

ఆ రోజు మధ్యాహ్నం కూర్చుని ఆలోచిస్తే నా తప్పు అర్థమైంది. నేను ఊరి కుంట లెక్కలో ‘మోకాళ్ల లోతు’ అన్నాను. కుంట అడుగు పళ్లెంలాగా మెల్లగా దిగుతుంది. లక్నవరం అలా కాదు. అది గుట్టల మధ్య లోయ. చెరువులో కనపడే లంకలన్నీ మునిగిన గుట్టల కొనలే. పైన గుట్ట ఎంత నిటారుగా ఉందో, నీళ్ల కింద కూడా అంతే నిటారుగా దిగుతుంది. గుట్ట నీళ్ల కింద కూడా గుట్టే. ఒక అడుగు మోకాలు, రెండో అడుగు నిలువెత్తు. ఈ సంగతి చెరువు ఎలా కట్టారో చెప్పే పాఠంలోనే ఉంది. ముందురోజు ఆ పాఠం చెప్పింది నేనే. చెప్పాను కానీ ఆలోచించలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందుకే ఈ మాటలు రాసుకోండి. ఫోన్లలోనే రాసుకోండి, ఈసారి ఏమీ అనను.

మనుషులు కట్టిన పెద్ద చెరువులో అడుగు ఎలా ఉందో పైకి తెలియదు. మునిగిన మొద్దులు, బండలు ఉంటాయి. తెలియని చోట దూకొద్దు. తూము దగ్గర నీరు పైకి నిద్రపోతున్నట్టు ఉంటుంది, కింద లోపలికి గుంజుతుంది. మత్తడి దుంకుతున్నప్పుడు దాని మీద సెల్ఫీ వద్దు, నడకా వద్దు. ఈత వచ్చినా బోటులో లైఫ్ జాకెట్ బొందెలు కట్టుకోండి, భుజాల మీద వేసుకుంటే చాలదు. నీళ్ల దగ్గరికి జతగా వెళ్లండి. నీ జత ఎక్కడుందో నీకు తెలియాలి. మెడలో ఈల ఉంచుకోండి. మునిగేవాళ్లను చూస్తే దూకకండి. కర్ర అందించండి, తాడు విసరండి, చున్నీ అయినా సరే, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా అయినా సరే. ఒకరి కోసం దూకి ఇంకొకరు పోయిన ఇళ్లు మన ఊళ్లలో లేవా?

కాలం కూడా చూసుకోండి. 2023 జూలై చివరి వారంలో మన జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అదే వారం ముత్యాలధార జలపాతానికి పోయిన పర్యాటకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే విపత్తు దళం వచ్చి తీసుకొచ్చింది. కొండాయిలో జంపన్న వాగు మన మనుషులనే తీసుకుపోయింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు నేలకొరిగాయి. వాటి కింద ఆ రోజు ఒక టెంట్ ఉండి ఉంటే? వానాకాలం చెరువును దూరం నుంచి చూడండి. వానలు తగ్గి నీళ్లు నిలకడ అయ్యాక, చలి మొదలయ్యాక టెంట్ తీసుకెళ్లండి. ఎండు కొమ్మ కింద వేయకండి. వాగు పాయలో వేయకండి. దోమతెర మరవకండి, మన ప్రాంతంలో మలేరియా సంగతి మీకు చెప్పక్కర్లేదు. అభయారణ్యం లోపల నిప్పు వెలిగించకండి, అనుమతి లేకుండా పోకండి. మీరు తీసుకెళ్లిన ప్లాస్టిక్ మీ సంచిలోనే తిరిగి రావాలి.

భయపడి పిల్లలను మళ్లీ గేటు లోపల పెట్టానా? అలా చేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నేనూ రెండు రాత్రులు అదే అనుకున్నాను. కానీ నీళ్ల దగ్గరికి పంపకపోతే పిల్లలు నీళ్ల దగ్గరికి పోకుండా ఉంటారా? మన ఊళ్లకు వాగు దాటకుండా దారే లేదు. పోవడం ఖాయమైనప్పుడు నేర్చుకుని పోవడం మేలు. ఆ పిల్ల తల్లికి జరిగింది జరిగినట్టు నేనే వెళ్లి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఈత నేర్పు మేడమ్, అట్లయితే మళ్ల పంపుత’ అంది.

2014లో 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మన గిరిజన బిడ్డే, గురుకులంలో చదివిన పిల్లే. ధైర్యం ఒక్కటే ఆమెను ఎక్కించలేదు. భువనగిరి బండ మీద తాడు పట్టుకోవడం నేర్చుకుంది, అప్పుడు కొండ ఎక్కింది. శిక్షణ ముందు, సాహసం తర్వాత. ఆ తాత చెప్పిన మాటే ఇది కూడా.

సంఘం పెద్దలకు నా విన్నపం రెండే. వచ్చే ఎండాకాలం సెలవుల్లో ఈత వచ్చిన మన యువకులు, యువతులు కలిసి పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఈత నేర్పే శిబిరం పెట్టండి. లోతు తెలిసిన చోట, తాడు కట్టి, పెద్దల కాపలాలో. రెండోది, ఈత బాగా వచ్చినవాళ్లు నీటి రక్షణలో శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోండి. మన చెరువుల దగ్గర బోటు నడిపేది, ప్రాణం కాపాడేది, అడవి దారి చూపేది మన పిల్లలే కావాలి. కంకులు అమ్మేవాళ్లు అమ్మవచ్చు, కానీ అది ఒక్కటే దారి కాకూడదు.

ఆ శిబిరంలో మొదటి పేరు నాది రాసుకోండి. ఈ వయసులో నీళ్లలో కాళ్లు కొట్టుకుంటుంటే నవ్వుతారని తెలుసు. నవ్వండి. వెదురు కర్ర మాత్రం చేతిలో సిద్ధంగా ఉంచుకోండి.