కిటికీ అద్దంలో కరెంటు

పుత్తూరులో ఆఫీసు కట్టుకుంటూ, కరెంటు పుట్టించే కిటికీ అద్దాలు వేయిద్దామా అనుకునేవారు ముందు సూర్యుడి దారి చూడాలి. మన ఊరు భూమధ్యరేఖకు 13 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉంది. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా సూర్యుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనకు ఉత్తరం పక్కగానే నడుస్తాడు. ఏసీలు ఆగకుండా తిరిగే ఆ రోజుల్లోనే దక్షిణపు కిటికీకి నేరుగా ఎండ తగలదు. తూర్పు, పడమర కిటికీలకు చెరో పూటే.

ఈ అద్దంలో రెండు పలకల నడుమ పలుచని సౌరపూత ఉంటుంది. అంచు నుంచి సన్నని తీగ ఫ్రేములోకి దిగుతుంది. వెలుతురును ఎంత లోపలికి వదిలితే కరెంటు అంత తగ్గుతుంది. అందుకే అమ్మేవారిని వాట్లు ఒక్కటే అడిగితే చాలదు. వేడి ఎంత లోపలికొస్తుంది? పగిలితే అదే కొలతలో మళ్లీ దొరుకుతుందా? నా మటుకు, వేడిని ఆపడమే ఇక్కడి కిటికీకి మొదటి పని.

హైదరాబాదులో 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా బయట, పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం. అది సౌర పలకలను పైకప్పు మీదే పెట్టుకుంది. మీరూ ముందు మిద్దె నింపండి. అక్కడ చోటు చాలకపోతేనే తూర్పు, పడమర కిటికీలకు ఈ అద్దం ఖర్చు లెక్క వేయించండి.