కాలిన గాయమునకు మాంసకృత్తుల పందిరి
(పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



వంటయింటి నిప్పు, మరుగు గంజి, సలసల కాగు నూనె – ఇవి లేని గ్రామము లేదు. పైచర్మము మాత్రమే కాలినచో అది తిరిగి మొలచును. లోతుగా కాలినచో అట్లు మొలవదు. గాయము అంచులనుండి ముడుచుకొని మచ్చకట్టును. మెడయో చేయియో వంగిపోవును. శరీరము విస్తారముగా కాలినవారికి అతుకుటకు స్వంత చర్మము కూడ చాలదు.

ఈ చిక్కునకు అమెరికాలోని బోస్టన్ నగరమున శస్త్రవైద్యుడు జాన్ బర్క్, శాస్త్రజ్ఞుడు అయానిస్ యానస్ ఒక ఉపాయము కనుగొనిరి. పశువులనుండి లభించు కొల్లాజెన్ అను మాంసకృత్తును, సొరచేప మృదులాస్థినుండి తీసిన పదార్థముతో కలిపి, సన్నని రంధ్రములుగల పొరగా చేసిరి. తడి ఆరకుండ, క్రిములు చొరకుండ దానిపై సిలికోన్ పొర కప్పిరి. పదిమంది రోగులకు దీనిని వాడిన ఫలితములను 1981లో ప్రకటించిరి. 1996లో ఆ దేశ ప్రభుత్వము దీని వాడుకకు అనుమతి నొసగినది.

ఇది పనిచేయు విధము రైతునకు సులభముగ బోధపడును. కాకరతీగకు పందిరి ఎట్టిదో, క్రొత్త చర్మమునకు ఈ పొర అట్టిది. రోగి శరీరకణములు ఆ రంధ్రములలోనికి ప్రాకును. క్రొత్త రక్తనాళములు పుట్టును. పందిరి మెల్లగా కరగిపోవును, తీగ నిలచును. రెండు మూడు వారముల పిమ్మట సిలికోనును తొలగించి, రోగి స్వంత చర్మమునే మిక్కిలి పలుచని పొరగా తీసి అతుకుదురు.

మన దేశమునను చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ తోళ్లలోని కొల్లాజెనును వైద్యమునకు వినియోగించుటపై కృషి చేసినది. హిందూపురము రైతు లెరిగిన పట్టుదారము సైతము మాంసకృత్తే. దాని జిగురు తీసివేసి, శస్త్రవైద్యులు చిరకాలముగా కుట్లు వేయుటకు వాడుచున్నారు.

అయితే ఈ కృత్రిమ చర్మము ఖరీదైనది. నిపుణులున్న ఆసుపత్రులలో తప్ప వాడుటకు వీలులేదు. గాయము మరింత లోతు కాకుండ చూచుట మాత్రము మన చేతిలోనిదే. కాలిన వెంటనే ఇరువది నిమిషములు చల్లని నీటిధార క్రింద ఉంచవలెను, మంచుగడ్డ పెట్టరాదు. వాపు రాకమునుపే గాజులు, ఉంగరములు తీయవలెను. సిరా, పేడ, పసుపు, పండ్లపొడి పూయరాదు. శుభ్రమైన వస్త్రము కప్పి, 108 వాహనమును పిలువవలెను.

ఈ నాలుగు మాటలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. గ్రామసభలో చదివి వినిపింపుడు. శాస్త్రజ్ఞులు పందిరి వేయగలరు. తీగ వేరు ఎండకుండ కాపాడవలసినవారము మనమే.