ఎడారికి అతిథులుగా వెళ్దాం
(పూర్వ విద్యార్థుల సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ సంవత్సరంలో మనమందరం కలిసి చేసే యాత్రకు రాజస్థాన్‌లోని జైసల్మేరును ఎంచుకున్నారు. నేను అటువైపు రెండుసార్లు వెళ్ళివచ్చాను గనుక, బయల్దేరేముందు నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. కోట గురించీ హవేలీల గురించీ అక్కడి గైడ్లు బాగా చెబుతారు. నేను మాత్రం మనం చూడబోయే ఎడారి జాతీయ ఉద్యానం గురించి చెబుతాను.

జైసల్మేరు, బాడ్మేరు జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఈ ప్రాంతాన్ని 1980లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఎడారి అనగానే మనకు ఇసుక దిబ్బలు, ఒంటెలు గుర్తొస్తాయి. ఇక్కడ దిబ్బలు కొంత భాగమే. మిగిలినదంతా రాతినేల, సేవణ్ గడ్డి బయళ్ళు, పొదలు, మధ్యమధ్య ఊళ్ళు. కొత్తగా చూసేవారికి అది ఖాళీ జాగాలా ఉంటుంది. చిక్కంతా అక్కడే వస్తుంది. ఖాళీయే కదా అని జీపును ఎటుపడితే అటు తిప్పుతారు, ఎక్కినవాళ్ళు కేరింతలు కొడతారు.

నిజానికి ఆ నేలలో ఎన్నో కాపురాలున్నాయి. అక్కడివాళ్ళు సాండా అని పిలిచే ముళ్ళతోక బల్లి చలికాలంలో తన బొరియ మూతిని మట్టితో మూసుకొని లోపల నిద్రపోతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. మనం వెళ్ళేది సరిగ్గా ఆ చలికాలంలోనే. ఎడారి నక్క పిల్లల్ని పెంచేదీ బొరియలోనే. బాట వదిలిన టైరు కింద ఏ ఇల్లు కూలిందో జీపులో కూర్చున్నవారికి తెలియదు.

ఇక ఆ ఉద్యానానికి పేరు తెచ్చినది బట్టమేక పిట్ట. రాజస్థాన్‌లో గోడావణ్ అంటారు, ఆ రాష్ట్ర పక్షి అదే. మీటరు ఎత్తుంటుంది, మగపక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఇంత పెద్ద పక్షి చెట్టెక్కదు, గూడు కట్టదు. నేలమీదే, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. మనిషి దగ్గరికొస్తే తల్లి లేచిపోతుంది, ఆ గుడ్డు కుక్కలకో కాకులకో దక్కుతుంది. కళ్ళు తలకు రెండు పక్కల ఉండటం వల్ల ఎదురుగా ఉన్న కరెంటు తీగ దానికి సరిగా ఆనదు. తగిలి చనిపోతున్నాయి. ప్రపంచం మొత్తంమీద నూట యాభై లోపే మిగిలాయని అంచనా. 2019 నుంచి సమ్ దగ్గర గుడ్లను పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం నడుస్తోంది. తీగల సంగతి ప్రభుత్వాలు, కోర్టులు చూడాలి. మన జీపు టైరు మాత్రం మన చేతిలోనే ఉంది.

ఈ పక్షి మనకు పరాయిది కాదు. దీనికోసమే 1988లో మన రోళ్లపాడులో అభయారణ్యం ఏర్పాటు చేశారు. అది ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. చుట్టుపక్కల గడ్డిబీళ్ళు తగ్గాయి, పంటలు మారాయి. ఇవాళ అక్కడ బట్టమేక కనబడటం గగనమైపోయింది. మన ఇంట పోగొట్టుకున్నదాన్ని చూడటానికి పొరుగింటికి వెళుతున్నామన్నమాట. ఆ వినయం మనలో ఉండాలి.

అక్కడ ఖేజ్రీ అని చూపించే చెట్టు మన జమ్మిచెట్టే. దసరానాడు మనం ఆకు తెంచుకొని బంగారమని పంచుకుంటాం. జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీ గ్రామంలో 1730లో రాజు మనుషులు ఆ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవితో మొదలై 363 మంది బిష్ణోయీలు వాటిని కావలించుకొని ప్రాణాలిచ్చారు. అటువంటివారి నేలలో మనం పాటించాల్సినవి నిజంగా చిన్న విషయాలే.

అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకుందాం. స్థానిక గైడునే పెట్టుకుందాం. ఆ ఊరివాడికి నాలుగు డబ్బులు దొరికితే ఆ పక్షి బతకడం అతనికీ లాభమే. బాట దిగవద్దని డ్రైవరుకు మనమే చెబుదాం. ఫోటో కోసం దగ్గరికి పొమ్మని తొందరపెట్టవద్దు. డ్రోన్లు వద్దు, పక్షికూతల రికార్డింగులు వినిపించడం వద్దు. పులిహోర పొట్లాలు, బిస్కెట్ కాగితాలు తిరిగి తెచ్చుకుందాం. మిగిలిన తిండి పారేస్తే వీధికుక్కలు చేరతాయి, అవే చింకారా జింకల్ని, గుడ్లను పట్టుకుంటాయి. రాత్రి శిబిరంలో మైకులు వద్దు, మన పాటలు మన గొంతులతోనే పాడుకుందాం. నీళ్ళు పొదుపుగా వాడదాం. ఊరి ఆడవాళ్ళను అడగకుండా ఫోటోలు తీయవద్దు. బాడ్మేరు దారిలోని ఆకల్‌లో దాదాపు 18 కోట్ల ఏళ్ళనాటి చెట్లు రాయిగా మారి కనిపిస్తాయి. గుర్తుగా చిన్న ముక్కైనా జేబులో వేసుకోవద్దు.

ఇంత చేసినా బట్టమేక కనిపిస్తుందన్న హామీ లేదు. నాకు కనిపించింది ఒక్కసారే, అదీ బైనాక్యులర్‌లో, చాలా దూరాన. కనిపించకపోతే డబ్బు దండగ అనుకోవద్దు. మనం కదిలించనందువల్ల ఏ పొద చాటునో ఒక తల్లి గుడ్డుమీద నుంచి లేవకపోతే, మన యాత్ర ఫలించినట్టే. పిల్లలకు పాఠం చెప్పే గురువులు మనతో వస్తున్నారు. తిరిగొచ్చాక తరగతి గదిలో వాళ్ళు చెప్పే మాట ఇంకా చాలామందికి చేరుతుంది.