ఆగిపోవు కారు: అనుమానము వేరు, పరీక్ష వేరు

(తాడేపల్లిలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రచార శాఖ వారు వచ్చిరనగానే ఏదో యొక పథకమును గూర్చి చెప్పుదురని మీరు తలచియుందురు. ఈ దినము అట్టిది కాదు. నడుచుచున్న కారు నడిదారిలో ఆగిపోయినపుడు దాని కారణమును ఎట్లు కనుగొనవలెనను విషయమును మేము ఎన్నుకొంటిమి. ఇది మెకానిక్కుల పని గదా, మనకెందుకని మీకు తోచవచ్చును. కాని చెత్త మోయు ట్రాక్టరు, వేసవిలో నీరు తెచ్చు ట్యాంకరు, పని పడినపుడు అద్దెకు తెచ్చుకొను కారు, వీని ఖర్చంతయు మీ యెదుటికి బిల్లుల రూపమున వచ్చును. "పంపు పోయినది, మార్చితిమి" అని బిల్లులో వ్రాసియుండును. మీరు చేయి ఎత్తి ఆమోదింతురు. ఆ చేయి ఎత్తుటకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. దానిని మేము ఏ పుస్తకమునందును చదువలేదు. ప్రజాధనము కొంత పోగొట్టి, ఒక నిజాయితీపరుని మనస్సు నొప్పించి నేర్చుకొంటిమి.

గడచిన వేసవిలో మా కార్యాలయపు పెట్రోలు కారులో తాడేపల్లి నుండి గుంటూరు దాటి యొక గ్రామ సభకు బయలుదేరితిమి. ఎండ నిప్పులు చెరుగుచుండెను. మంగళగిరి దాటి కాజ టోలు గేటు సమీపించుచుండగా కారు ఆగిపోయెను. డ్రైవరు తాళము త్రిప్పినపుడెల్ల ఇంజను తిరుగుచుండెనే గాని స్టార్టు కాలేదు. అతడు గుడ్డ తడిపి ఇంజను మీద కప్పెను. సీసాలో మిగిలిన నీటిని చల్లెను. అరగంట గడచిన పిమ్మట తాళము త్రిప్పగా, కారు ఏమియు ఎరుగనట్లు బయలుదేరెను. "పెట్రోలు మరిగినదండీ" అని అతడనెను. మేమును నమ్మితిమి.

ఈ తడిగుడ్డ వైద్యమునకు మన ప్రాంతమున పెద్ద చరిత్ర గలదు. 1959 నవంబరు 1న మన రాష్ట్రమున పంచాయతీ సమితులు ఏర్పడిన పిమ్మట, ఊరూర తిరిగిన సమితి జీపులు మీలో పెద్దలకు జ్ఞాపకముండును. ఆ జీపులలో పెట్రోలును లాగు పంపు ఇంజనునకు అంటియుండెడిది. ఎండకు, ఇంజను వేడికి గొట్టములోని పెట్రోలు ఆవిరి యయ్యెడిది. పంపు ద్రవమును లాగగలదు గాని ఆవిరిని లాగలేదు; జీపు నిలిచిపోయెడిది. తడిగుడ్డ వేసి చల్లార్చిన మరల నడచెడిది. ఆ కాలమునకు అది సరియైన వైద్యమే. నేటి కార్లలో కార్బురేటరు లేదు. పంపు ట్యాంకులోనే పెట్రోలులో మునిగియుండి, దానిని ఒత్తిడితో ముందునకు నెట్టుచుండును. ఒత్తిడిలోనున్న పెట్రోలు అంత సులభముగ మరగదు. వాహనము మారినది గాని మన అనుమానము మారలేదు.

కారును ఒక వర్కుషాపునకు పంపితిమి. అచ్చట తాళము త్రిప్పి, ఇంజను తిరుగుచుండగా పంపు పనిచేయుట లేదని చూచి, పంపు పోయినదని తేల్చి క్రొత్త పంపు వేసిరి. బిల్లు వేలలో వచ్చెను. సంతకము చేసితిమి. వారము తిరుగకమునుపే ఉండవల్లి వైపు నుండి ప్రకాశం బ్యారేజి మీదికి ఎక్కుచుండగా కారు మరల ఆగెను. వెనుక బస్సులు, ఆటోలు, హారన్ల మ్రోత. 1957లో పూర్తియైన ఆ బ్యారేజి మీది దారి ఎంత ఇరుకో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

పంపు క్రొత్తదైనపుడు తప్పు పెట్రోలుదని తలచితిమి. బంకునకు పోయి వాదించితిమి. ఆ బంకు యజమాని కోపపడక వడపోత కాగితము తెప్పించి, దాని మీద ఒక చుక్క పెట్రోలు వేయించెను. కల్తీ లేని పెట్రోలు రెండు నిమిషములలో మరక మిగుల్చక ఆరిపోవును. అట్లే ఆరెను. సాంద్రత కొలువగా రికార్డులోని అంకెతో సరిపోయెను. ఈ పరీక్షలను, ఐదు లీటర్ల కొలపాత్రతో కొలత పరీక్షను కోరు హక్కు పెట్రోలు కొను ప్రతివానికిని గలదు, చాలమంది అడుగరు.

పంపు మంచిది, పెట్రోలు మంచిది. ఇక మిగిలినవాడు డ్రైవరు. పెట్రోలు తీసి అమ్ముకొని మరేదో పోసియుండునని కార్యాలయమున ఒకరిద్దరు గుసగుసలాడిరి. ఆ మాట మా చెవిని పడెను. మేము దానిని ఖండింపవలసినది; ఖండింపక సంజాయిషీ కోరుచు మెమో ఇచ్చితిమి. పదునెనిమిది సంవత్సరములు సర్వీసు గల మనిషి ఆ కాగితమును రెండు చేతులతో అందుకొని, చదివి, మడిచి జేబులో పెట్టుకొనెను. ఒక్క మాటయు అనలేదు.

మూడవసారి ఆగినది తెనాలి దారిలో, ఒక చిన్న షెడ్డునకు దగ్గరగా. అందలి మేస్త్రీ బానెట్టు తెరువక ముందే డ్రైవరును అడిగెను: "బండి ఎట్లా ఆగిందయ్యా? గుటకలు మింగుతూ ఆగిందా, దీపం ఆర్పినట్టు ఆగిందా?" అంతవరకు ఈ ప్రశ్నను ఎవ్వరును అడుగలేదు. మేమును అడుగలేదు. డ్రైవరు తక్షణమే చెప్పెను: "దీపం ఆర్పినట్టేనండీ. గేరులో బండి ఇంకా దొర్లుతుండగానే ఇంజను వేగం చూపే ముల్లు సున్నాకి పడిపోయింది." మూడుసార్లును అతడు గమనించెను. చెప్పుటకు అతనికి అవకాశమీయలేదు.

సభ్యులారా, ఆ ప్రశ్నలోని సూక్ష్మమును కొంచెము వివరింతుము. పెట్రోలు చాలని ఇంజను ఒక్కసారిగా చావదు. ఎత్తు ఎక్కునపుడును, బరువు లాగునపుడును బలము తగ్గును, కుదుపులు వచ్చును, ఆక్సిలరేటరు నొక్కినను వేగము రాదు, పిమ్మట ఆగును. ఫిల్టరు పూడుకొన్నను, పంపు బలహీనపడినను, ట్యాంకులోనికి గాలి పోవు త్రోవ మూసికొన్నను ఇట్లే యుండును. ఆగిన వెంటనే ట్యాంకు మూత తీయగా 'బుస్సు'మని గాలి లోనికి పోయి, పిమ్మట కారు నడచినచో గాలి త్రోవను చూడవలెను. ఏ హెచ్చరికయు లేక దీపము ఆర్పినట్లు ఆగినచో ముందుగ విద్యుత్తు వైపు చూడవలెను: తాళపు స్విచ్చి, రిలే, వైర్లు, సెన్సార్లు. ఇది తీర్పు కాదు, తొలి సూచన మాత్రమే. పంపునకు కరెంటు ఇచ్చు రిలే చెడినను కారు చప్పున ఆగవచ్చును.

మేస్త్రీ సూచనతో తృప్తిపడలేదు. ఇంజనునకు పోవు పెట్రోలు గొట్టమునకు ఒత్తిడి కొలుచు గేజి తగిలించి, కారు వేడెక్కి తిరిగి ఆగువరకు ఇంజనును నడిపెను. చాల పెట్రోలు కార్లలో ఈ ఒత్తిడి 3, 4 బార్ల మధ్య నుండును. సరియైన అంకె ఆయా వాహనపు పుస్తకమున నుండును. కారు ఆగెను, గేజి ముల్లు కదలలేదు. పెట్రోలు వచ్చుచునే యున్నదన్నమాట. స్పార్కు చూడగా స్పార్కు లేదు. స్కానరు పెట్టగా, ఇంజను ఇరుసు తిరుగుటను కనిపెట్టు క్రాంకు సెన్సారు వైపున లోపమని చూపు పి 0335 అను సంఖ్య వచ్చెను. ఆ సంఖ్య చూచియు ఆయన వెంటనే సెన్సారు మార్చలేదు. వైరు తెగినను అదే సంఖ్య వచ్చునని చెప్పి, వైరును కొస నుండి కొస వరకు పరీక్షించి, బాగున్నదని తెలిసిన పిమ్మటనే సెన్సారు మార్చెను. అది వేడెక్కినపుడు పనిమాని, చల్లారినపుడు మేలుకొను జబ్బు పట్టిన సెన్సారు.

ఇప్పుడు వర్కుషాపు వారి పొరపాటు మాకు తెలిసినది. ఇంజను తిరుగుచున్నదని సెన్సారు చెప్పనిచో కారులోని కంప్యూటరు పంపును నడువనీయదు. ప్రమాదములో ఇంజను ఆగినపుడు పెట్రోలు పారకుండుటకు చేసిన ఏర్పాటిది. వారు చూచినది నిజమే: పంపు ఆగియున్నది. కాని అది చెడి ఆగలేదు, ఆజ్ఞ లేక ఆగినది. తాళము వేసిన మొదటి రెండు క్షణములు పంపు సన్నగ మ్రోగుచునే యుండెనని డ్రైవరు చెప్పెను. తడిగుడ్డ మాటయు అంతే. గుడ్డ చల్లార్చినది పెట్రోలును కాదు, సెన్సారును. వైద్యము ఫలించినది గనుక మేము జబ్బు పేరు కూడ సరియేనని నమ్మితిమి.

ఇంధనమే అపరాధియైన సందర్భములు లేకపోలేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారినపుడు, ఆవలి ఒడ్డున విజయవాడలో బుడమేరు నీటిలో ఎన్ని వాహనములు మునిగినవో మీరు చూచియున్నారు. అట్లు మునిగిన కారుకు తాళము వేసి చూడనే రాదు. ట్యాంకు, ఆయిలు, గాలి త్రోవ పరీక్షించిన పిమ్మటనే స్టార్టు చేయవలెను. నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలుపుచున్నారు. ఇథనాలునకు నీటితో చెలిమి యెక్కువ. నీరు కొంచెము చేరినచో తనలో కలుపుకొనును. మితి మీరినచో ఆ నీటితో కలిసి పెట్రోలును విడిచి ట్యాంకు అడుగునకు దిగును. పంపు పీల్చునది అడుగు నుండియే. అనుమానమున్నచో అడుగు నుండి కొంత గాజు సీసాలోనికి తీయించి నిలకడగ నుంచిన, రెండు పొరలు కంటికి కనబడును. ఈ పని తెలిసినవారే చేయవలెను, దాపున బీడీ గాని పొయ్యి గాని యుండరాదు. బంకులో గన్ను తనంతట ఆగిన పిమ్మటను మూతి వరకు నింపించు అలవాటు కొందరికి గలదు. పొంగిన పెట్రోలు ఆవిరిని పట్టు బొగ్గు డబ్బాలోనికి చేరి, బంకు నుండి బయటపడగానే కారు మొరాయించును.

ట్రాక్టరు, ట్యాంకరు డీజిలువి గనుక వానిని గూర్చి క్లుప్తముగ చెప్పెదము. నీటిని వేరుచేయు గిన్నె ఫిల్టరు క్రిందనే యున్నచో దానిని వదులుచు నుండవలెను. ఫిల్టరు మార్చిన మరునాడు బండి ఆగినచో గొట్టములో గాలి చేరెనేమో మొదట చూడవలెను. ప్రత్తి, మిరప కల్లముల వద్ద నడచు బండ్లకు గాలి ఫిల్టరు త్వరగ మూసుకొనును; ఆ బలహీనతను కూడ డీజిలు మీదనే త్రోయుట మన ఆచారమైనది. చుట్టమువలె ఇంజనులో కాపురముండి వైర్లు కొరుకు ఎలుకను ఎవ్వరును అనుమానింపరు!

కారు రహదారి మీద ఆగినచో బ్రేకు, స్టీరింగు బరువెక్కును. బ్రేకును పలుమారు తొక్కక ఒక్కసారి గట్టిగ తొక్కి పట్టి, ఎడమ అంచునకు చేర్చి, ప్రమాద దీపములు వేసి, లోనివారినందరిని దింపి దారికి దూరముగ నిలుపవలెను. ఆ పిమ్మటనే కారణమును వెదకుట.

ఇక బిల్లు మాట. పంపు మార్చితిమని ఎవరైన కాగితము పెట్టినచో, మార్చుటకు ముందు ఒత్తిడి ఎంత యున్నదో, మార్చిన పిమ్మట ఎంతయైనదో బిల్లు వెనుక వ్రాయుమని అడుగుడు. తీసివేసిన భాగమును పంచాయతీ కార్యాలయమునకు ఇమ్మని అడుగుడు. బండి ఎట్లు ఆగినదో డ్రైవరు స్వహస్తముతో లాగుబుక్కులో వ్రాయునట్లు చూడుడు: ఎండలోనా, వానలోనా, ఎత్తునా, పల్లమునా, ఎంత దూరము నడచిన పిమ్మట, ఎంతసేపటికి మరల స్టార్టైనది. గేజి లేని షెడ్డులో పరీక్షకు కొంత రుసుము అదనముగ అడుగవచ్చును. ఇచ్చుటయే మేలని మా అభిప్రాయము. అక్కరలేని పంపు వెలతో పోల్చిన అది స్వల్పము.

మా పాత పంపు స్టోరు గదిలో నున్నది. మేస్త్రీ పరీక్షించి చూచి, దానిలో లోపమేమియు లేదనెను. డ్రైవరునకు ఇచ్చిన మెమోను రద్దుచేసి, పొరపాటు మాదేనని ఫైలులో వ్రాసితిమి. ఆ మాట అతనితో నోటితో చెప్పుటకు మాత్రము మాకు మరి నాలుగు దినములు పట్టెను. ఈ దినము మమ్ము ఇచ్చటికి తీసికొని వచ్చినవాడు అతడే. వెలుపల వేపచెట్టు క్రింద కారు వద్ద నున్నాడు. మీ బండ్లను గూర్చిన ప్రశ్నలున్నచో, సభ ముగియగానే అతనినే అడుగుడు.