తెరుచుకోని జిప్ ఫైలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. నేను ఆ విద్య చదివినవాణ్ని కాను. ముప్పై నాలుగేళ్లు అకౌంట్స్ సెక్షన్లో పనిచేసినవాణ్ని. నా అనుభవం ఒకటి మనవి చేస్తాను.

మా ఆవిడ పోయిన ఏడాదికి మా అమ్మాయి, తన దగ్గరున్న వాళ్లమ్మ ఫొటోలు, వీడియోలు అన్నీ ఒక జిప్ ఫైలుగా చేసి ఇంటర్నెట్ ద్వారా పంపింది. జిప్ అంటే మూటలాంటిది. చాలా ఫైళ్లను కుదించి ఒకటిగా కడుతుంది. అమెరికాలో ఫిల్ కాట్జ్ అనే ఆయన 1989లో ఈ పద్ధతి తెచ్చారు. నేను ఎన్నిసార్లు నొక్కినా ఫైలు చెల్లదనే వచ్చింది.

ఇంతలో అమ్మాయి ఫోను చేసి, "అందాయి కదా నాన్నా, ఇక్కడివి తీసేయనా? నా కంప్యూటరులో చోటు లేదు" అంది. సరే అనబోయి ఆగాను. "ఉండమ్మా, నీ దగ్గర ఆ ఫైలు సైజు ఎంతుందో చెప్పు" అన్నాను. 1,412 ఎం.బి. అంది. నా దగ్గర 903 మాత్రమే. దింపుకుంటుండగా కరెంటు పోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

సగానికి పైగా వచ్చింది కదా, ఆ మేరకైనా తెరుచుకోవద్దా అని మీరు అడగవచ్చు. జిప్ ఫైలులో ఏమేమి ఉన్నాయో చెప్పే జాబితా చివర ఉంటుంది. మన ఆఫీసు ఫైలుకు ఇండెక్సు ఆఖరి పేజీలో కట్టినట్టన్నమాట. ఆ పేజీ రాకపోతే కంప్యూటరు చేతులెత్తేస్తుంది.

మీకు ఇలాంటి ఇబ్బంది వస్తే ఈ వరుసలో చూడండి.

1. పంపినవారి దగ్గరి సైజుతో సరిపోల్చండి. తగ్గితే మళ్లీ దింపుకోండి.

2. పెన్‌డ్రైవులో తెచ్చుకుంటే, కాపీ పూర్తయి 'ఎజెక్ట్' నొక్కాకే బయటికి తీయండి.

3. ఫైలు రెండు మూడు భాగాలుగా వస్తే అన్నీ ఒకే ఫోల్డరులో ఉంచండి. పేర్లు మార్చవద్దు.

4. పేరు చివర జిప్ బదులు ఆర్‌ఏఆర్ అని ఉంటే పాత విండోస్ తెరవలేదు. సెవెన్-జిప్ అనే ఉచిత ప్రోగ్రాము తెరుస్తుంది. విండోస్ తెరవలేని కొన్ని పాస్‌వర్డ్ ఫైళ్లూ దానితో తెరుచుకుంటాయి.

5. మరమ్మతు చేయాలంటే నకలు మీద చేయండి. అసలు జోలికి పోవద్దు.

ఇంకొక హెచ్చరిక. పెన్షన్ బకాయిల వివరాలంటూ ముక్కూమొహం తెలియనివారు పంపిన జిప్ ఫైలును తెరవకపోవడమే క్షేమం. అందులో వైరస్ ఉండవచ్చు.

రెండోసారి దింపుకున్నాక మా ఫైలు తెరుచుకుంది. మనవడి అన్నప్రాశన వీడియోలో మా ఆవిడ నవ్వు విన్నాను. ఆ రోజు నేను సరే అని ఉంటే ఆ నవ్వు ఇక ఎక్కడా ఉండేది కాదు.

సర్వీసులో ఉన్నప్పుడు లెక్క సరిచూడకుండా రసీదు మీద సంతకం పెట్టేవాళ్లం కాదు. ఇక్కడా అంతే. తెరిచి చూసుకున్నాకే అందిందని చెప్పండి. అంతవరకు అసలు తీసేయవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.